మిరప కల్లంలో ముగిసిన డిటెక్టివ్ సినిమా

మొన్న మధ్యాహ్నం భోజనమయ్యాక, నరసరావుపేటలో మా ఇంట్లో ఫ్యాను కింద నడుం వాల్చి ఫోను మీద వేలు జరుపుతుంటే, మద్రాసు ఎండలో కూడా టోపీ, పొడుగాటి కోటు విడవని ఒకాయన పిస్తోలు పట్టుకుని కనిపించాడు. గబుక్కున లేచి కూర్చున్నాను. యాభై ఏళ్ళ పైచిలుకు కిందట, మా మేనత్త పక్కన కూర్చుని మాచర్లలో నేను చూసిన డిటెక్టివ్ సినిమా అది. చూసిన అనడం కూడా తప్పేనేమో, ముప్పాతిక భాగమే చూశాం.

ఎందుకంటే ఆ రోజుల్లో మా ఊరికి ఆఖరి బస్సు మ్యాట్నీ వదలకముందే బయలుదేరేది. నా ఈడువాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు, పల్లెటూరి ఆడవాళ్ళం ఎన్ని సినిమాలకు శుభం కార్డు చూసి ఉంటాం గనుక! పోనీ పాటల పుస్తకం కొందామా అంటే, అందులోనూ కథ సగం చెప్పి మిగతాది వెండితెర మీద చూడమని ఊరించేవాళ్ళు.

ఈ సినిమా ఒక మిల్లు యజమాని హత్యతో మొదలవుతుంది. అది కళ్ళారా చూసిన పాపానికి కాపలావాణ్ణి కూడా చంపేస్తారు, వాడి పెళ్ళాం గుమ్మంలో కూలబడి గుండెలు బాదుకుంటుంది. ఇక అక్కణ్ణుంచి దొంగబంగారం ముఠా, నొక్కితే తిరిగే గోడ, ఆ గోడ వెనక స్థావరం, క్లబ్బులో డ్యాన్సు, ఊపిరి సలపనివ్వరు. హంతకుడు మిల్లు మేనేజరా, ఇంటి డాక్టరా అని నేను గోళ్ళు కొరుక్కుంటున్న సమయంలో అత్త నా రెక్క పట్టుకుని లేపింది. “పదవే, బస్సు పోద్ది!” తెరవైపే చూస్తూ వెనక్కి నడిచి, గుమ్మం తట్టుకుని మోకాలు చెక్కించుకున్నాను.

అసలు చిక్కు మర్నాడు వచ్చింది. అవి మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజులు. రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి ఆడవాళ్ళంతా వరసగా కూర్చునేవారు. సినిమాకి వెళ్ళొచ్చినవాళ్ళు అక్కడ కథ చెప్పి తీరాలి, అది మా ఊరి ఆనవాయితీ. ఘాటుకి తుమ్ముతూ, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, మధ్య మధ్య ముఠా నాయకుడిలా కళ్ళెర్రజేస్తూ చెప్పడంలో మా అత్తకు సాటి లేదు. ముగింపు తెలియకపోతే “మిగతాది మీరే పోయి చూసుకోండి” అని నవ్వేసేది.

ఆ రోజు వరసలో మా ఎదురింటి పిన్ని కూడా ఉంది. పిన్ని అంటే వరస కలిపి పిలవడమే. అంతకు రెండేళ్ళ ముందు గట్టు తగాదాలో ఆమె భర్తను పొలంలోనే నరికేశారు. ఊరంతా గుసగుసలాడుకుందే తప్ప ఆమె ముందు ఒక్కడూ పేరెత్తలేదు. సాక్షులు మాట మార్చారు, కోర్టులో కేసు కొట్టేశారు. అప్పటినుంచి పిన్ని కల్లానికి వచ్చినా మాటల్లో కలిసేది కాదు.

అత్త చూసినంతవరకూ చెప్పి ఆగింది. మిగతావాళ్ళు మేనేజరని ఒకరు, డాక్టరని ఒకరు పోట్లాడుకుంటుంటే, పిన్ని చేతిలో కాయ చేతిలోనే పట్టుకుని, తలెత్తకుండా అడిగింది. “ఆ కాపలావోణ్ణి చంపినోడు దొరికాడా వదినా?”

అత్త నావైపు ఒక్క చూపు చూసింది. నోరు మెదిపితే వీపు విమానం మోతే అని నాకర్థమైంది.

“దొరక్కేం! దొరికాడు” అంది.

డిటెక్టివు మేనేజరుకి బేడీలేసి, నలుగురూ చూస్తుండగా వీధి వెంట నడిపించుకుంటూ కాపలావాడి ఇంటికి తీసుకొచ్చాడట. గుమ్మం ముందు టోపీ తీసి చేత్తో పట్టుకుని, “అమ్మా, నీ పెనిమిటిని చంపింది వీడే. నీ ముందరే చెప్పిద్దామని తెచ్చా” అన్నాడట. వాడు తల దించుకుని ఒప్పుకున్నాడట. పిన్ని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మిరపఘాటు అనుకున్నట్టే అందరూ తలలు తిప్పుకున్నారు. తర్వాత ఎన్నేళ్ళో, సినిమాల మాట వస్తే చాలు, “ఆ టోపీ బాబు చానా మంచోడమ్మా, ఇంటిదాకా వచ్చి చెప్పాడు” అనేది.

మొన్న ఆ సీను కోసమే చివరిదాకా కూర్చున్నాను. అత్త కల్పించిందని తెలిసీ కూర్చున్నాను. ఇన్నేళ్ళలో అది నా కళ్ళతో చూసినట్టే అయిపోయింది మరి. తీరా చూస్తే హంతకుడు డాక్టరట, ముఠా నాయకుడి గుండు తగిలే చచ్చాడు. డిటెక్టివు హీరోయినుతో కారెక్కాడు, శుభం. కాపలావాడి పెళ్ళాం మొదట ఏడ్చిన ఏడుపే ఏడుపు, మళ్ళీ ఆమె మొహం చూపించిన పాపాన పోలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

వెంటనే గురజాలలో ఉన్న అత్తకు ఫోను చేశాను. ఎనభై దాటినా గొంతు చెక్కు చెదరలేదు.

“ఏందే, డాక్టరా? పోన్లే. సినిమా తీసినోళ్ళు ఆమెను మర్చిపోయారేమో గానీ, ఎదురుగా కూర్చున్నదాన్ని నేనెట్టా మర్చిపోతానే?”

పిన్ని పోయి చాలా ఏళ్ళయింది. ఆమె గుమ్మానికి ఏ టోపీ బాబూ రాలేదు. ఇప్పుడు సినిమా చివర చూడ్డానికి బస్సు అడ్డం లేదు, వేలితో జరిపితే హంతకుడెవరో క్షణంలో తెలిసిపోతుంది. ఎవరి ఫోను వాళ్ళది, కథ ఒకరు చెప్పేదీ లేదు, ఒకరు వినేదీ లేదు. ఎదుటి మనిషి మొహం చూసి కథ చెప్పిన ఆ కల్లం మీద నాకు బెంగగా ఉంది.

సాయంత్రం కోడలు టీ తెచ్చి, అంతసేపు చూశారు, ఇంతకీ కథేమిటత్తయ్యా అని అడిగింది. కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పాను. చివర మాత్రం, మా అత్త చెప్పినట్టే చెప్పాను.