వద్దన్న మనిషి పూచీ

బల్గేరియాలోని ప్లోవ్‌దివ్‌లో పాత పొగాకు గోదాము పై అంతస్తులో ప్రతి గురువారం సాయంత్రం మేం ముప్ఫైమందిమి కలుస్తాం. చెప్పులు విప్పి, టీ తాగి, నాట్యం చేస్తాం. వీపుకు వీపు ఆనుకుంటాం, అలిసినవాళ్ళ తల ఒళ్ళో పెట్టుకుంటాం. ఏది చేసినా ముందు అడగాలి. తల ఊపితే చెల్లదు, నోటితో చెప్పాలి. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అనే సామెత మా గుమ్మం బయటే ఆగిపోతుంది.

స్నెజానాకు యాభై రెండేళ్ళు. స్టేషన్ వెనక సందులో ఆమెకు బట్టలు బాగుచేసే కొట్టు ఉంది. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మొగుడు ఆమెను ఏదీ అడిగి ఎరగడు. ఆ పెళ్ళి పెటాకులయ్యాక మా దగ్గరికి వచ్చింది. కొత్తలో ఎవరేమడిగినా "సరే" అనేసి, తర్వాత బాత్‌రూములో తలుపేసుకుని కూర్చునేది. మొదటిసారి "వద్దు" అన్నది నాతోనే. చెయ్యి పట్టుకోనా అంటే వద్దంది. అని, నాకు కోపమొచ్చిందేమోనని సాయంత్రమంతా నా మొహమే చూసింది. కోపం రాలేదు. కాస్త చివుక్కుమంది, అంతే.

మాలో ఓగ్న్యాన్ సిటీ బస్సు డ్రైవరు. "వీపు ఆనించనా, స్నెజా?" అని ఆరేళ్ళు అడిగాడు. ఆరేళ్ళూ ఆమె "ఆనించు" అంది. అతను ఇంకో ప్రశ్న ఎప్పుడడుగుతాడా అని ఆమె కాచుకుని కూర్చుందని అతనికి తప్ప మాకందరికీ తెలుసు.

"నువ్వే అడగొచ్చుగా" అన్నానొకసారి.

"వద్దనడం నేర్పారు గానీ అడగడం ఎక్కడ నేర్పారు, వెసెలినా?" అంది.

సెప్టెంబరులో అతనే చెప్పాడు, కలీనా అని పూలకొట్టు ఆవిడతో ఉంటున్నానని. ఆమెను గురువారాలకు తెస్తానన్నాడు. నాకే ఒళ్ళు మండింది. ఇక స్నెజానా సంగతి చెప్పాలా.

అయితే మా దగ్గరికి రావడం అంత తేలిక కాదు. ఏడాదికి రెండుసార్లే కొత్త పేర్లు చదువుతాం. ప్రియుడి పూచీ చెల్లదు. వచ్చే మనిషికి ఏదో ఒక విషయంలో "వద్దు" అని చెప్పినవాళ్ళే పూచీ పడాలి. ఆ మాట వాళ్ళెలా తీసుకున్నారో వలయంగా కూర్చున్న మా అందరి ముందు చెప్పాలి. రేపు ఆ మనిషి తప్పు చేస్తే పూచీ పడ్డవాళ్ళు కూడా ఆరు నెలలు బయటే ఉండాలి. ఎవరూ నోరు విప్పకపోతే ఆ పేరు అక్కడితో సరి. మావాళ్ళలో కలీనాను ఎరిగింది ఓగ్న్యాన్ కాక స్నెజానా ఒక్కతే. ఆమె కోట్లు బాగుచేసేది మరి.

అక్టోబరులో కలీనా జిప్పు పోయిన కోటు పట్టుకుని కొట్టుకొచ్చింది. ఆ మధ్యాహ్నం స్నెజానా కొట్లోనే చట్నీకి పెద్ద ఎర్ర మిరపకాయలు కాలుస్తోంది. నేను కాలినవాటి తోలు వలుస్తున్నాను.

"అక్కా, నవంబరులో నాకు పూచీ ఉంటారా?" అని అడిగింది కలీనా.

"ఉండను" అంది స్నెజానా. ఎందుకో కూడా చెప్పలేదు.

కలీనా మొహం కందింది. ఒక క్షణం కోటు అంచు నలిపింది. "సరేనక్కా. దాచకుండా చెప్పారు. కోటుకి ఎప్పుడు రమ్మంటారు?"

ఆమె వెళ్ళాక స్నెజానా మిరపకాయలన్నీ మాడ్చేసింది. "చూస్తూ ఉండు. ఇప్పుడు వాడి దగ్గర ఏడుస్తుంది. వాడొచ్చి నన్ను నిలదీస్తాడు. అప్పుడు చెప్తా దాని సంగతి."

వారం కాచుకుంది. ఎవరూ నిలదీయలేదు. కలీనా మామూలుగా వచ్చి, కోటు తీసుకుని, జిప్పు బాగా కుదిరిందని చెప్పి వెళ్ళింది. మరుసటి గురువారం ఓగ్న్యానే అమాయకంగా అన్నాడు: "స్నెజా, కలీనా నిన్ను పూచీ అడగనేలేదా? అడగమంటే మాట మారుస్తుంది. నిన్ను ఇబ్బంది పెట్టొద్దని నాకు ఒట్టు పెట్టింది."

స్నెజానా మింగలేక కక్కలేక, తాగని టీ కప్పు కడగడానికి లేచింది. ఆ రోజు ఇంటికి నడుస్తూ దారి పొడుగునా కలీనాను తిట్టింది. నడక బాగాలేదంది, జుట్టు రంగు బాగాలేదంది, పూలమ్మేవాళ్ళంతా నంగనాచులంది. నేను ప్రతిదానికీ అవునన్నాను.

నవంబరు మొదటి గురువారం పేర్లు చదివే వంతు నాది. "కలీనా. ఈమెకు వద్దని చెప్పినవాళ్ళున్నారా?"

ఓగ్న్యాన్ తన మేజోళ్ళ వైపు చూస్తున్నాడు. నేను స్నెజానా వైపు చూడకుండా పదిదాకా లెక్కపెట్టాను. నిజం చెప్తున్నాను, తొందరగానే లెక్కపెట్టాను. కాగితం తిప్పబోతుంటే గొంతు వినబడింది.

"నేను చెప్పాను. పూచీ ఉండమంటే ఉండనన్నాను."

ఓగ్న్యాన్ తలెత్తాడు.

"ఎలా తీసుకుంది?" అన్నాను. అడగక తప్పదు.

స్నెజానా నన్ను కొరకొర చూసింది. "బాగా తీసుకుంది. మొహం కందింది. ఎందుకని అడగలేదు, బతిమాలలేదు, ఎవరికీ చెప్పలేదు. నేనైతే అలా తీసుకునేదాన్ని కాదు." నా చేతిలో కాగితం చూపించి, "రాసుకో. పూచీ నాది" అంది.

తర్వాతి గురువారం కలీనా వచ్చింది. అదే కోటు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడింది. ఓగ్న్యాన్ ఎప్పటిలాగే ముందు స్నెజానా దగ్గరికొచ్చాడు.

"వీపు ఆనించనా, స్నెజా?"

"వద్దు" అంది.

ఆరేళ్ళలో అతనితో ఆ మాట అనడం అదే మొదలు. అతను కళ్ళు ఆర్పాడు. తర్వాత నవ్వాడు, మంచిగానే. "సరే" అని కలీనా వైపు నడిచాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

స్నెజానా నా పక్కన కూలబడింది. చెయ్యి పట్టుకోనా అని అడిగాను. పట్టుకోమంది. చెయ్యి చల్లగా ఉంది.

"ఎంత బాగా తీసుకున్నాడో చూశావా, వెసెలినా?" అంది. "ఇక అతనికి కూడా నేను పూచీ ఉండొచ్చు."