ఖాళీగా ఉంచిన గడి

దెయ్యాల కబుర్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. పలాసలో రేడియోలు బాగుచేసి బతికినవాణ్ణి. చచ్చినోళ్ల గొంతు వినబడుతోందని ఎవరైనా రేడియో తెస్తే, మూత విప్పి లోపలి బొద్దింకను చూపించి పంపేవాణ్ణి. ఇది చదివి ముసలాడికి మతిపోయిందనుకోకండి.

మా చెల్లెలి మొగుడు అక్కుపల్లి నుంచి చేపలవేటకు వెళ్లేవాడు. నేను పుస్తకాలు ముందేసుకుని సొంతంగా ప్రోగ్రాములు నేర్చుకున్నాక, ఇద్దరం కలిసి పడవలకు చిన్న పెట్టె ఒకటి తయారుచేశాం. మీట నొక్కితే ఒడ్డుకు కబురొస్తుంది. కబురులో నాలుగు గడులు. ఏ పడవ, ఏం జరిగింది, ఎక్కడ. అన్నీ అంకెలే. ఇంజన్ ఆగితే మూడు. బావ పట్టుబట్టి పెట్టించిన ఏడుకు అర్థం ‘అన్నం పెట్టు’. తిరుగుముఖం పట్టగానే అది నొక్కేవాడు, ఇక్కడ చెల్లెలు ఎసరు పెట్టేది. ఆ అంకె అతను తప్ప ఇంకెవరూ వాడలేదు.

నాలుగో గడి ఖాళీగా ఉంచమన్నాడు బావ. అది దండగ కదా అన్నాను.

“పడ్డ సేపల్లో పడవకో వాటా, వలకో వాటా తీత్తాం కదా బావా. రేపొచ్చినోడికీ ఓ సోటుంచు.”

అదే నియమం చేసుకున్నాం. ఆ గడిలో సున్నా ఉంటుంది. ఎప్పుడైనా తెలియని అంకె వస్తే పారేయకూడదు, ఉన్నదున్నట్టు దాటించాలి.

కిడ్నీ జబ్బుతో బావ పోయాడు. పడవా, ఆ పెట్టే అతని కొడుకు సింహాద్రికి వచ్చాయి. ఈమధ్య బావ కూతురు గౌరి ఒడ్డున ఉండే ప్రోగ్రామును ఫోనుల కోసం వేరే భాషలో తిరగరాసింది. నాలుగో గడిలో సున్నా కాక ఏదొచ్చినా కబురు మొత్తం పారేసేలా! నాకు మండింది.

“ఆ గడి ఎప్పుడూ సున్నాయే కదా మావయ్యా. రాని సుట్టానికి పీటేత్తావేటి?”

“భాష మారితే మరియాద మారిపోద్దేటే? మీ నాన్న ఏయమన్నాడు, ఏయి!”

గొణుక్కుంటూనే మార్చింది. ఒకే కబురును పాతదానికీ కొత్తదానికీ ఇచ్చి, రెండూ ఒకేలా చదివాయని చూసుకున్నాకే వదిలాం.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం సముద్రం పొంగింది. పడవలన్నీ వచ్చాయి, సింహాద్రిది రాలేదు. చెల్లెలు వాకిట్లో నిలబడింది. అప్పుడు ఫోను మోగింది. సింహాద్రి పడవ, ఇంజన్ ఆగింది, ఫలానా చోటు.

నాలుగో గడిలో ఏడు.

పక్కనే ఇంకా నడుస్తున్న పాత ప్రోగ్రాములోనూ ఏడే. గౌరి ముందు రాసినట్టే ఉంచి ఉంటే ఆ కబురు మాకు అందేదే కాదు. ఊరివాళ్లు వెంటనే ఆ చోటుకు పడవలు తీశారు.

ఏటొచ్చిందని చెల్లెలు అడిగింది. చెప్పాను. కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లింది. బియ్యం కడుగుతున్న చప్పుడు.

“ఇప్పుడు అన్నమేటే అమ్మా?” అంది గౌరి.

“మీ నాన్న సెప్తే నానెప్పుడైనా ఆలీసం సేసేనేటి?”

అన్నం చల్లారకముందే కుర్రాడు ఇల్లు చేరాడు.

వాడు నొక్కింది ‘ఇంజన్ ఆగింది’ మీట ఒక్కటేనట. పెట్టె విప్పి చూశాను. ఆ గడిలో సున్నా తప్ప వేరే అంకె రాసే దారి దానిలో లేదు. నేను రాసిందే, నాకు తెలుసు. ఉప్పుతడికి అంకె చెడిందందామా అంటే, చెడితే పట్టిచ్చే సరిచూపు అంకె ఒకటి నాలుగు గడులూ అయ్యాక కబురు చివర ఉంటుంది. అదీ సరిపోయింది.

గౌరి ఇప్పుడు మరో భాషలో రాస్తోంది. సరిచూసుకోవడానికి పెట్టుకున్న కబుర్లలో మొదటిది ఆ రోజు వచ్చిందే. ఏ భాషలో రాసినా ఆ ఏడు ఏడుగానే ఒడ్డు చేరాలి.

ఎవరు పంపారంటే మాత్రం, ఇన్ని పెట్టెలు విప్పినవాణ్ణి, చూపించడానికి ఈసారి నాకు బొద్దింక దొరకలేదు.