అక్క పెళ్ళి కేకూ, నాకు పట్టని గౌనూ

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని స్మృతి నగర్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్ళేసరికి, పెళ్ళి కుదిరిన మా మనవరాలు సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఫోనులో ఏదో జాబితా చూస్తూ వాళ్ళమ్మకు చదివి వినిపిస్తోంది. కేకు ఆరు నెలల ముందే చెప్పుకోవాలట, పెళ్ళికూతురి మొహానికి ఏ వారం ఏ పూత వెయ్యాలో ఒక వరస ఉందట, పక్కన నిలబడే స్నేహితురాళ్ళంతా ఒకే రంగు గౌన్లు వేసుకోవాలట, ఎవరి కొలతలు వాళ్ళు ఫోనులో కొట్టి పంపిస్తే గౌన్లు ఇంటికే వచ్చేస్తాయట. అంతా చదివి నా వంక చూసి, మీ రోజుల్లో ఈ గొడవలేమీ ఉండేవి కాదు కదా అమ్మమ్మా, అంది సగం హిందీలో. దానికి ఒళ్ళు మండేటట్టు ఏదో అందామనుకుని ఊరుకున్నాను. మాకు జాబితా రాసి పెట్టినవాళ్ళు లేరు గాని గొడవలకు కొదవ లేదని మన ఈడు వాళ్ళకైతే చెప్పనక్కర్లేదు.

మా నాన్న వాల్తేరు లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా పనిచేస్తూ, ఇక్కడ ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో లోపలి ఇంజన్లు నడపడానికి మనుషులు కావాలంటే మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని వచ్చేశారు. సెక్టర్ 6లో క్వార్టరు ఇచ్చారు. మా చర్చిలో తెలుగువాళ్ళు ఇంచుమించు అందరూ ఇలా రైల్వే నుంచి వచ్చినవాళ్ళే కాబట్టి, పెళ్ళంటే పాత రైల్వే కాలనీల పద్ధతే ఇక్కడా నడిచేది. పెళ్ళికూతురికి తెల్లచీర, తల మీద నెట్టు ముసుగు. పక్కన తోడు పెళ్ళికూతురు మాత్రం చీర కాదు, నేల దాకా ఉండే గౌను వేసుకుని, ముసుగు చెంగు పట్టుకుని, ప్రమాణాల వేళ పూలగుత్తి అందుకుని, అందరూ చూస్తుండగా ముందు వరసలో నిలబడాలి. ఆ చోటు ఎవరికి దక్కిందన్నది మా ఆడవాళ్ళలో ఏడాది పాటు చెప్పుకునే సంగతి.

అక్క నాకంటే ఐదేళ్ళు పెద్దది. అరవైల నడుమ, నాకు పదిహేడు నిండిన ఏడు, ఆమెకు ఖరగ్‌పూర్ రైల్వే వాళ్ళ అబ్బాయితో పెళ్ళి కుదిరింది. బావ ఇక్కడే ప్లాంటులో డ్రాయింగ్ ఆఫీసులో పని. మాట ఖాయమైన సాయంత్రమే అక్క నా జడ లాగి, "నా పక్కన నువ్వే నిలబడాల, ఇంకెవులు నిలబడతారు" అంది. అంతే, ఆ క్షణం నుంచి ఆ పెళ్ళి నాదే అన్నట్టు తిరిగాను. మా ఇంట్లో నా కోపానికి పేరుండేది. అలిగితే మూడు రోజులు అన్నం ముట్టేదాన్ని కాదు. అలగనన్నాళ్ళూ మాత్రం నలుగురి పని ఒక్కదాన్నే చేసేదాన్ని. ఈ రెండు సంగతులూ మా వాళ్ళకు బాగా తెలుసు.

కేకు పని నాదే. పంచదార రేషను రోజులవి. మూడు నెలలు ఇంట్లో టీలో పంచదార సగానికి తగ్గించి డబ్బాలో దాచాము. ఎండు ద్రాక్ష, ఖర్జూరం, నారింజ తొక్కల మురబ్బా సన్నగా తరిగి, నాన్న తెచ్చిన రమ్ములో జాడీలో నానబెట్టి, రోజూ పొద్దున్నే కలిపేదాన్ని. వెన్నా పంచదారా ఒకే వైపుకు తిప్పుతూ గిలకొట్టాలి, చెయ్యి మారిస్తే విరిగిపోతుందని అమ్మ నమ్మకం. విరుగుతుందో లేదో గాని చెయ్యి మాత్రం భుజం దాకా లాగేసేది. ఇళ్ళల్లో ఓవెన్లు ఎక్కడివి. పిండి ఇంట్లో కలుపుకుని, మూడు సైజుల రేకు టిన్నుల్లో పోసి, రిక్షాలో పవర్ హౌస్ బజారుకు తీసుకువెళితే, రొట్టెలు దించేశాక మిగిలిన వేడిలో బేకరీవాడు కాల్చి ఇచ్చేవాడు. మాడిపోతుందేమోనని రెండు గంటలు ఆ బట్టీ ముందు నిలబడే ఉన్నాను. తిరిగి వచ్చేటప్పుడు పెద్ద టిన్ను ఒళ్ళో పెట్టుకుంటే వేడికి తొడ కందిపోయింది, అయినా వాసన చూసుకుంటూ నవ్వుకుంటూ వచ్చాను.

అక్క మొహానికి శనగపిండీ మీగడా కలిపి రాసిందీ నేనే, గాజు ముక్కల్లాంటి చలికాలపు నీళ్ళలో ఆమె తలంటు బట్టలు ఉతికిందీ నేనే. ముసుగు నెట్టుకు అంచు కుట్టడానికి నెల పట్టింది. దాన్ని ఉతికితే బయట ఆరెయ్యడానికి లేదు, ప్లాంటు వైపు నుంచి గాలి కొడితే ఎర్రటి దుమ్ము ఇంత మందాన పడేది. అందుకని మంచాలు తీసేసి గదిలోనే తాడు కట్టి ఆరేసి, కిటికీలకు తడిబట్టలు వేళ్ళాడగట్టాను. అక్క గుమ్మంలో కూర్చుని నా పని చూస్తూ ఉండేది. ఒక్కోసారి ఊరికే కళ్ళు నీళ్ళు పెట్టుకునేది. పుట్టింటి బెంగ అనుకున్నాను.

ఇక గౌను. లేత గులాబీ రంగు సాటిన్ కలకత్తా నుంచి తెప్పించారు, సరిగ్గా ఒక్క గౌనుకు సరిపడేంత. పవర్ హౌస్ బజారులో ఒక కొట్టు అరుగు మీద మిషను పెట్టుకుని మా వాళ్ళందరికీ కుట్టే టైలరు ఉండేవాడు. బొబ్బిలి వైపు మనిషి. అందరం బాబాయి అనే పిలిచేవాళ్ళం. అప్పట్లో ఆడపిల్లల ఒంటి మీద టేపు పెట్టడం లేదు. ఒంటికి సరిపోయిన పాత జాకెట్టు ఒకటి ఆదికి ఇస్తే దాన్ని బట్టి కుట్టేవారు. గౌనుకైతే నడుము నుంచి పాదం దాకా పొడవు చీటీ మీద రాసి ఆ జాకెట్టుకు పిన్నుతో గుచ్చి ఇచ్చేవాళ్ళం. నా నీలం జాకెట్టు నేను అక్క చేతిలో పెట్టాను. నేనే ఇచ్చి వస్తానులే, నీకు కేకు పని ఉంది కదా, అంది అక్క. నిజమే కదా అనుకున్నాను.

పెళ్ళి గురువారం. సోమవారం రాత్రి బండికి బావగారి వాళ్ళు దిగారు. బావ చెల్లెలు పొడగరి, పచ్చటి మనిషి, సన్నగా ఉండేది, ఇంగ్లీషు బడిలో చదివిన పిల్ల. మంగళవారం మధ్యాహ్నం గౌను ఇంటికి వచ్చింది. తలుపు వేసుకుని తొడుక్కుంటే, కింద జానెడు బట్ట నేల మీద పడి ఉంది, నడుము దగ్గర హుక్కు నాలుగు వేళ్ళ దూరంలో ఆగిపోయింది. ఊపిరి బిగబట్టినా అందలేదు. నేను ఏడుపు మొహంతో బయటికి వచ్చేసరికి, అమ్మ నా వైపు సరిగ్గా చూడకుండానే, "ఏటి సేస్తాం, టైలరు పాడు సేసినాడు" అంది. ఎవరో ఆ గౌను బావ చెల్లెలికి తొడిగి చూశారు. ఆ పిల్ల మీదే పెట్టి కుట్టినట్టు సరిపోయింది. ఇంక రెండు రోజులే ఉంది, కొత్త బట్ట దొరకదు, దేవుడి చిత్తం ఇలా ఉందేమో, ఆ పిల్లే నిలబడుతుందిలే అన్నారు పెద్దవాళ్ళు. అక్క ముసుగు మడత పెడుతూ ఉండిపోయింది.

నా కోపం టైలరు మీదకు మళ్ళింది. బుధవారం పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా బజారుకు నడిచి వెళ్ళి, అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు ఉండగానే నోటికొచ్చినట్టు అన్నాను. కళ్ళు కనపడకపోతే మిషను అమ్ముకోమన్నాను. ఆయన పెడలు ఆపి, అందరూ వెళ్ళేదాకా తల వంచుకుని కూర్చున్నాడు. తరవాత గోడకు తగిలించిన సంచీలోంచి ఒక జాకెట్టు తీసి నా ముందు పరిచాడు. అది నా నీలం జాకెట్టు కాదు. ఎప్పుడూ చూడని తెల్ల జాకెట్టు, సన్నటిది, చేతులు పొడుగ్గా ఉన్నాయి. దానికి గుచ్చిన చీటీ మీద పొడవు అంకె, దాని కింద పెళ్ళికొడుకు చెల్లెలికి అని, మా అక్క గుండ్రటి అక్షరాలు.

"ఆది ఇచ్చినారు, ఆదికి కుట్టినాను. నీకు సెప్పనేదేటి తల్లీ?" అన్నాడు.

నాకు అప్పుడు అర్థమైంది. ఆ జాకెట్టు ఖరగ్‌పూర్ నుంచి పార్సిలులో వచ్చి ఉండాలి, అంటే నెల కిందటే అత్తగారు అడిగారు, అక్క ఒప్పుకుంది, అమ్మకు తెలుసు. నాకు చెబితే అలుగుతాను, అలిగితే కేకు ఎవరు చేస్తారు, ముసుగు ఎవరు కుడతారు. అందుకని చివరిదాకా పని చేయించుకుని, నింద టైలరు మీద పెట్టేద్దామనుకున్నారు. ఆ పిల్లను నిలబెట్టినందుకు కాదు నాకు బాధ. అత్తగారింటి వాళ్ళు అడిగితే అక్క కాదనలేదని ఆ వయసులో కూడా నాకు తెలుసు. నేను గుడ్డిదానిలా ఆ బట్టీ ముందు నిలబడి, ఆ నెట్టు అంచు కుడుతూ ఉంటే, చూస్తూ కూర్చుంది చూడండి, అది నేను తట్టుకోలేకపోయాను. బజారు నుంచి సెక్టర్ దాకా దారి పొడుగునా ఏడ్చాను. షిఫ్టు దిగి సైకిళ్ళ మీద వస్తున్న వాళ్ళు తిరిగి తిరిగి చూశారు.

ఇంటికి వచ్చి అలగలేదు. అదే మా వాళ్ళను భయపెట్టి ఉంటుంది. గుడ్డు తెల్లసొనలో పంచదార పొడి, నిమ్మరసం వేసి గిలకొట్టి, కాగితం పొట్లంలో నింపి, మిగిలిన ఐసింగ్ పువ్వులన్నీ ఒక్కొక్కటే పెట్టాను. కేకు పాడు చెయ్యాలన్న ఆలోచన రాలేదని చెప్పను. ఉప్పు డబ్బా పక్కనే ఉంది. అయితే మూడు నెలలు నేను సాకిన కేకు అది, దాని మీద చెయ్యి రాలేదు.

పెళ్ళి చక్కగా జరిగింది. బావ చెల్లెలు పూలగుత్తి పట్టుకుని నిలబడితే నిజంగానే అందంగా ఉంది, కాదంటే అబద్ధమవుతుంది. నేను పాత ఓణీలో చివరి వరసలో కూర్చున్నాను. సాయంత్రం క్వార్టర్ల మధ్య షామియానా వేసి టీ విందు పెట్టారు. కేకు ముక్కలు కోసి పంచే పని నాకు అప్పగించారు. చర్చి ఆడవాళ్ళు ఒకరి తరవాత ఒకరు వచ్చి, అదేమిటి నువ్వు నిలబడలేదేం అని అడగడం, నేను నోరు తెరిచే లోపల అమ్మ అందుకుని టైలరు గౌను పాడు చేశాడని చెప్పడం. అలా ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. కేకు ఎవరు చేశారని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఇంతలో ఆ టైలరు బాబాయే వచ్చాడు. పిలిచాం కాబట్టి ఉతికిన చొక్కా వేసుకుని, భార్యను వెంటబెట్టుకుని, కేకు కోసం వరసలో నిలబడ్డాడు. నాన్నతో పాటు పనిచేసే ఒకాయన భార్య ఊరుకోక, అందరికీ వినపడేటట్టు, "ఏటి బాబాయీ, పిల్ల గౌను పాడు సేసినావట, పాపం కల్ల నీల్లెట్టుకున్నాది" అంది. చుట్టూ మాటలు ఆగిపోయాయి. ఆయన నా వైపు చూశాడు. అక్క పెళ్ళికూతురు కుర్చీలోంచి చూసింది, మొహంలో నెత్తురు లేదు. పక్కన కొత్త అత్తగారు. నేను ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నా నాలుక మీద ఉంది. ఆ మాట ఎత్తినావిడే మళ్ళీ, నిజమేనా అమ్మా, అని నన్నే అడిగింది. నేను కత్తి వంక చూస్తూ, అవును, అన్నాను.

ఆయన, "అవునమ్మా, పొరపాటయిపోనాది. ఈ మద్దిని సూపు ఆనటం నేదు" అన్నాడు. నేను అరుగు మీద తిట్టిన తిట్టునే తన మీద వేసుకున్నాడు. నేను ఇచ్చిన ముక్క రెండు చేతులతో తీసుకుని భార్యకు ఇచ్చాడు, తాను తినలేదు.

చూపు ఆనని టైలరుకు బట్టలు ఎవరిస్తారు. మా వాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. వచ్చిన క్రిస్మస్‌కు ఆయన అరుగు మీద గుడ్డల మూటలు లేవు. వేసవి తరవాత మిషను కూడా లేదు, దుర్గ్‌లో ఎవరి దగ్గరో కూలికి కుడుతున్నాడని కొందరు, ఊరు వెళ్ళిపోయాడని కొందరు అన్నారు. నేను ఆ వరస వైపు వెళ్ళడం మానేసి, కూరల బజారు చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని.

అక్కను నేను ఎప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. నా పెళ్ళికి నెల ముందే వచ్చి అన్ని పనులూ తన మీద వేసుకుంది, నా పిల్లల పురుళ్ళకు నిద్ర లేకుండా కూర్చుంది. నాకు తెలుసని ఆమెకు తెలుసేమో. ఆమె మీద కోపం ఎప్పుడు పోయిందో కూడా నాకు గుర్తులేదు. కిందటేడు ఆమె పోయినప్పుడు కడుపారా ఏడ్చాను. అమ్మ అంతకు చాలా ముందే వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ బజారులో అన్నీ అద్దాల కొట్లు, కుట్టి తగిలించిన బట్టలు. నచ్చకపోతే తిరిగి ఇచ్చేస్తున్నారు, సైజు తప్పయితే ఎవరినీ తిట్టనక్కర్లేదు, కుట్టిన మనిషి మొహం ఎవరికీ తెలియదు. అది మంచికే కావచ్చు. ఒక మనిషి మన ఒంటి తీరు తెలుసుకుని, మన ఇంటి గుట్టు కూడా కడుపులో దాచుకుని కుట్టిన కాలం మాత్రం పోయింది. మా చర్చిలో అప్పటి వాళ్ళు ఇంకా నలుగురైదుగురు ఉన్నారు, అక్క పెళ్ళి మాట వస్తే ఆ గులాబీ గౌను సంగతి ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఈ ఊళ్ళో జరిగింది తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. నేను కూడా పోతే వాళ్ళు చెప్పుకునేదే నిజంగా నిలిచిపోతుంది. అందుకని ఇన్నేళ్ళకైనా చెబుతున్నాను, ఆ గౌను ఆయన సరిగ్గానే కుట్టాడు.