ఆర్ద్రను మసకబార్చిన మీట

డాబా మీద ఉన్నవి ఇవి: నేను, ప్లాస్టిక్ కుర్చీ, ఫోను బిగించిన స్టాండు, సైంటిఫిక్ క్యాలిక్యులేటర్. పిలవకుండా వచ్చింది ఒకటి: పక్కింట్లో ఎండుమిర్చి వేయిస్తున్న ఘాటు. అది ముక్కుకు తగలగానే విఠల్ సార్ గుర్తొచ్చారు. మెదక్‌లో మాకు డిగ్రీ ఫిజిక్స్ చెప్పిన ఆయన, ఫిబ్రవరి సాయంత్రాలు మమ్మల్ని తన డాబా ఎక్కించి, వెలుగు మారే నక్షత్రాలను కొలవడం నేర్పారు.

ఆర్ద్రను, వెలుగు మారని బ్రహ్మహృదయం అనే మరో నక్షత్రాన్ని ఫొటో తీయాలి. ఆర్ద్ర కాంతిని రెండోదాని కాంతితో భాగించి, లాగ్ తీసి, రెండున్నరతో గుణించి, బ్రహ్మహృదయం వెలుగుకు పుస్తకంలో ఇచ్చిన అంకెలోంచి తీసేయాలి. వచ్చిన అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. ఈ చివరి ముక్క సార్ భార్య ఏనాడూ ఒప్పుకోలేదు. మార్కులు ఎక్కువొస్తే ఫెయిలైనట్టా అని అడిగేవారు.

ఒక సాయంత్రం ఆమె కింద మిరపకాయలు వేయించారు. సార్ అద్దాలు తీసి, కళ్లు తుడుచుకుంటూనే క్యాలిక్యులేటర్ మీటలు నొక్కారు. మామూలుగా అర దగ్గర ఉండే అంకె ఒకటికి చేరింది. ఆర్ద్ర ఇంత మసకబారడం తానెప్పుడూ చూడలేదని టీ కొట్టులో, మంగలి షాపులో చెప్పారు. కుల్చారంలో సేద్యం చేసే బామ్మర్ది మల్లయ్యకైతే ఫోన్ చేసి మరీ చెప్పారు. మల్లయ్యకు ఆర్ద్ర అంటే నాట్లకు వాన తెచ్చే కార్తె. ఆ చుక్కే చల్లారితే వాన ఎక్కడిదని, ఈసారి పొలం బీడు పెట్టి హైదరాబాద్‌లో వాచ్‌మన్ పనికి పోతానన్నాడు. చుక్కకూ వానకూ సంబంధం లేదని సార్ మొత్తుకుంటే, మరి ఫోన్ ఎందుకు చేశావన్నాడు.

మర్నాడు లెక్క మళ్లీ వేస్తే ఎప్పటిలా అర దగ్గరే వచ్చింది. ముందురోజు లాగ్ మీటకు బదులు, పక్కనే ఉండే ఇంకో రకం లాగ్ మీట, ఎల్ఎన్, నొక్కారట. సార్ నన్ను స్కూటర్ ఎక్కించుకుని టీ కొట్టుకు, మంగలి షాపుకు, చివరికి కుల్చారం పోయారు.

"తప్పు చుక్కది గాదు బామ్మర్దీ, నాది. ఒక బటన్ బదులు ఇంకోటి నొక్కిన."

మల్లయ్య చేతిలోని పార పక్కన పెట్టాడు. "ఖరాబు జేసింది నువ్వే, బాగు జేసింది నువ్వే. రేపు వాన పడకుంటె ఏ బటన్ నొక్కుతవ్ బావా?"

"వాన సంగతి నాకు తెల్వది. చుక్క మాత్రం మంచిగనే ఉంది."

అదే చాలన్నాడు మల్లయ్య. ఆ ఏడు నాట్లు వేశాడు.

తిరిగొస్తూ, ఫోన్ చేస్తే సరిపోయేది కదా అన్నాను.

"ఫోన్ల జెప్తే సిగ్గు గాదురా. సిగ్గయితేనే మళ్లోసారి బటన్ జూసి నొక్కుత."

సార్ ఇప్పుడు లేరు. నేను మోటార్ల కంపెనీలో డిజైన్ లెక్కలు చూస్తాను. లెక్క తప్పితే మెయిల్ పెట్టను. ఆ లెక్క ఎవరెవరికి పంపానో వాళ్లందరి బల్లల దగ్గరికీ నడిచిపోయి చెబుతాను. నేను కుర్చీలోంచి లేస్తే చాలు, ఈసారి ఏది తప్పిందని అడుగుతున్నారు. ఈ ఏడాది ఇప్పటివరకు మూడు.