గొలుసుకు తలంటు

కట్టంగూర్‌లో సైకిలు గొలుసుకు తలంటు పోసే మనిషి ఒక్కడే ఉన్నాడు, వెంకటనర్సు. పెట్రోలు వాసన తగిలితే అందరూ ముక్కు మూసుకుంటారు, ఆయన దుకాణమే మూసుకుంటాడు. కిరోసిన్ అన్నా, థిన్నర్ అన్నా అదే తంతు.

పుట్టింది మగ్గాల ఇంట్లో. పట్టునూలును కుంకుడు రసంలో జాడించి పెరిగిన చేతులు. ఇప్పుడు అదే ఓపికతో గొలుసు విప్పి, మందపు జిడ్డును గుడ్డతో తుడిచి, వేడి కుంకుడు రసంలో నానబెట్టి, లింకు లింకుకూ బ్రష్షు పట్టి, ఎండలో ఆరేసి, చుక్క చుక్కగా నూనె వేస్తాడు. గొలుసు ఆరేలోపు కస్టమరు ఎండిపోతాడు.

"పక్క దుకాణంల పెట్రోలు పోసి ఐదు నిమిషాలల్ల ఇస్తరు గదనే!" అని గోపయ్య ఒకసారి మొత్తుకున్నాడు.

"ఐదు నిమిషాలల్ల బుగ్గి గూడ ఐతది. ముందుగాల నీ నోట్ల బీడీ జూస్కో!"

గోపయ్య బీడీ ఆర్పేసి బుద్ధిగా కూర్చున్నాడు.

ఇంకోసారి పట్నం నుంచి ఒకాయన కొత్త మందు సీసా పట్టుకొచ్చి, ఒక్క చుక్కకే జిడ్డు మాయమన్నాడు. "మంచిది సారూ. గా చుక్క మీ అరచేతిల పోస్కోండ్రి, గంటసేపు కూసొని సూద్దాం" అన్నాడు వెంకటనర్సు. సారుకు ఉన్నట్టుండి బస్సు గుర్తొచ్చింది.

ఇంట్లో భార్య రాజమణిది మరో గోడు. "కుంకుళ్ళన్నీ ఊరి గొలుసులకు, రూపాయి షాంపూ నాకు!" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది.

ఈ తతంగంలో ఎక్కువ నలిగిపోయేది రూప. ఆమె ఆశా కార్యకర్త. ఇల్లిల్లూ తిరిగి పసిపిల్లల్ని ఎత్తుకుని తూకం చూసే పని. పాత సైకిలు, రోజుకు రెండుసార్లు గొలుసు ఊడితే చేత్తోనే ఎక్కించుకోవాలి. రెండేళ్ళ కిందట ఆమె అరచేతులు పగిలి నెత్తురు కారేవి. "గా చేతులతోని మా బిడ్డను ముట్టకక్కా" అని ఒక బాలింత మొహం మీదే అనేసింది. ఇక పని మానేద్దామనే అనుకుంది రూప. అంతలో దవాఖాన మలాము పనిచేసి చేతులు నయమయ్యాయని, పని నిలిచిందని ఆమె నమ్మకం.

మొన్నటి వానకు గొలుసు నిండా బురద పట్టింది. బరువు తక్కువున్న పాప తూకానికి పోవాలి.

"అన్నా, నేను గంటసేపు కూసోలేను. పక్కకు వోయి పెట్రోలుతోనే కడిగించుకుంట."

వెంకటనర్సు చటుక్కున హ్యాండిలు పట్టుకున్నాడు. "నా సైకిల్ తీస్కపో. గీ సైకిల్ మాత్రం ఈడికెల్లి కదలది!"

"నా సైకిల్, నా గొలుసు! నడుమ నీకేం ఫికరు?"

ఆయన తన సైకిలు తెచ్చి ఆమె ముందు నిలబెట్టాడు. రూప చిరచిరలాడుతూనే ఆయన సైకిలెక్కి పోయింది. పాప రెండువందల గ్రాములు పెరిగింది. ఆ సంబరంలోనూ కోపం పోక, తిరిగొస్తూనే దుకాణంలో ఉన్న రాజమణిని అడిగింది: "వదినా, అన్న గట్లెందుకు కొట్లాడిండు?"

రాజమణి ఇక దాచలేకపోయింది. "నీ చేతులు మలాముతోనే మానినయనుకుంటున్నవా? అప్పుడు గీయన గూడ పెట్రోలుతోనే కడుగుతుండె. గా గొలుసు ముట్టి ముట్టే నీ చేతులు పగిలినయ్. నువ్వు కొంగుల చేతులు దాసుకొని వచ్చిన దినం సూసిండు. ఆ పూట బువ్వ తినలే. పెట్రోలు బంద్ జేసి, ఏది మంటవెడతదో ఏది వెట్టదో తన చెయ్యి మీదనే పోస్కొని సూసిండు. ఆఖరికి మా నూలు కడిగే కుంకుళ్ళే దిక్కయినయ్."

"మరి నాకొక్క మాట చెప్పొద్దా?"

"నీ ఒక్క గొలుసే గట్ల కడిగితే నువ్వు చిన్నబోతవట. అందుకే ఊరందరి గొలుసులకూ తలంటు మొదలుపెట్టిండు."

అలాంటి మనిషినా తాను తిట్టుకున్నది! రూప కొంగు దోపుకుని, తన గొలుసు తానే కడుగుదామని, పొగలు కక్కుతున్న బేసిన్‌లోకి చెయ్యి పెట్టబోయింది.

"చెయ్యి తియ్!" అని అరిచాడు వెంకటనర్సు. "నీళ్ళు సలసల మసులుతున్నయ్... నువ్వు ముట్టుకుంటే గొలుసు రంగు వోతది!"

"నల్ల గొలుసుకు రంగెక్కడిదయ్యా?" అంది రాజమణి.