ఉప్పుమడిలో పారేసిన మాత్రలు

నౌపడ ఉప్పుమడుల్లో పని మధ్య నీళ్లు తాగుతుంటే మా పెద్ద తోటికోడలు నరసమ్మక్క నా మెడ వంక చూసి, "ఒసే, గొంతులో ఏటది? మింగితే పైకీ కిందకీ ఆడతన్నాది" అంది. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. పెళ్లయి మూడేళ్లు, పిల్లల్లేరు.

శ్రీకాకుళంలో స్కానింగ్, సూది పరీక్ష చేసి థైరాయిడ్ క్యాన్సర్ అన్నారు. విశాఖలో ఆపరేషన్ చేసి గ్రంథి మొత్తం తీసేశారు. తర్వాత మిగిలిన క్యాన్సర్ కణాలు చావడానికి రేడియో అయోడిన్ మందు ఇచ్చి, దాని రేడియేషన్ ఇంకొకరికి తగలకుండా మూడు రోజులు ఒంటరి గదిలో ఉంచారు. పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పారు: "ఏడాది వరకు ప్రెగ్నెన్సీ వద్దు. పీరియడ్స్ కొన్ని నెలలు తప్పొచ్చు, కంగారు పడకు. తీసేసిన గ్రంథి పని ఇక థైరాక్సిన్ మాత్రే చెయ్యాలి, ఒక్కరోజూ ఆపకు." మా ఆయన సింహాచలం అప్పుడు గేటు బయట బీడీ కాలుస్తున్నాడు. విన్నది నేనొక్కదాన్నే.

మూడు నెలలు నెలసరి రాలేదు. ఆసుపత్రివాళ్లు కోడల్ని గొడ్రాల్ని చేసి పంపారని అత్త వీధిలో అంది. ఏడాది ఆగాలని నేనంటే, దగ్గరికి రానివ్వకుండా కట్టుకథ చెబుతున్నానని సింహాచలం చెంప పగలగొట్టాడు. మాత్రలు మడిలో పారేశాడు. భయపడి మళ్లీ కొనుక్కోలేదు. రెండు నెలలకి ఒళ్లు ఉబ్బింది. ఆగిన నెలసరి మొదలై రక్తం ఆగలేదు. కళ్లు తిరిగి పడిపోతే నరసమ్మక్క ఆసుపత్రిలో చేర్చింది. మాత్రలు ఆపడం వల్లే ఇదంతా అని, నాలుగైదు మించకూడని టీఎస్‌హెచ్ వంద దాటిందన్నారు.

కోలుకుని, కొత్త మాత్రలు కొంగున కట్టుకుని మళ్లీ మడి పనికి వచ్చాను. సింహాచలం తాగొచ్చి, "ఈ బిల్లలే నీ కడుపు ఎండగడతన్నాయి" అని మళ్లీ లాక్కోబోయాడు. నేను వదల్లేదు. జుట్టు పట్టి మడి గట్టు మీదికి ఈడ్చాడు. ఆపరేషన్ గాటు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. ఊపిరాడలేదు. ఉప్పును పోగుచేసే చెక్క పలక చేతికందితే దాంతో కొట్టాను. అతని మణికట్టు విరిగింది. తలకి గురిచూసి రెండోసారి ఎత్తాను. నరసమ్మక్క అడ్డుపడకపోతే చంపేసేదాన్నే.

ఆ పూటే అమ్మ దగ్గరికి వెళ్లిపోయాను. నెల తర్వాత చేతికి కట్టుతో, నన్ను తీసుకెళ్తానని వచ్చాడు. "ముందు నాతో డాక్టరమ్మ కాడికి రా. నీ సెవులతో ఇను. తర్వాత మాటాడదాం" అన్నాను.

వచ్చాడు. "ఈ మాత్ర లేకపోతే ఆమెకి ప్రాణానికే ప్రమాదం. పిల్లలు కావాలన్నా ముందు ఇది వాడాలి. ఏడాది ఆగమని చెప్పింది కూడా నేనే" అన్నారామె. తల దించుకుని విన్నాడు.

ఏడాదిన్నర అమ్మ దగ్గరే ఉన్నాను. నెలసరి సరయింది, స్కాన్ బాగుంది. అతను తాగుడు మానాడని నమ్మకం కుదిరాకే మళ్లీ కాపురానికి ఒప్పుకున్నాను, అదీ అమ్మ ఊళ్లోనే. గర్భం వచ్చిందని తెలియగానే డాక్టరమ్మ డోసు పెంచారు. పాపకిప్పుడు మూడేళ్లు. అతను గొంతు పెంచితే ఇప్పటికీ నా చెయ్యి మెడ మీదికి పోతుంది.

ఈ జబ్బు వచ్చిన ఆడవాళ్లకి ఒకటే చెబుతాను. రేడియో అయోడిన్‌కి ముందే భర్తని లోపల కూర్చోబెట్టండి. పిల్లల కోసం ఎన్నాళ్లు ఆగాలో డాక్టరు నోటితోనే అతనికి చెప్పించండి, చీటీ మీద రాయించుకోండి.