ఎడమచేత్తో అందిన టికెట్టు

ఎనభైల్లో మాట. ధర్మపురిలో సేలం బస్సెక్కినాను. కండక్టరు నా టికెట్టును నా సీటు ముందు నిలబడినాయన చేతికిస్తే, ఆయన దాన్ని ఎడమచేత్తో నాకందించినాడు. కుడిచేతికి తుండుగుడ్డ చుట్టుకొని ఉన్నాడు. ఊరుకోవడం నాకెప్పుడూ చేతకాదు. తమిళాయనే కదా, అర్థం కాదులే అని తెలుగులో అనేసినాను.

"కుడిచెయ్యి ఇంట్లో పెట్టి వచ్చినావా?"

ఆయన తెలుగులోనే జవాబు చెప్పినాడు.

"రాళ్ళు కోసే మిషన్లో మూడు వేళ్ళు పోయినాయక్కా. నాలుగు నెలలైంది. పనిచోటి నుంచి ఒక్కరూ వచ్చి చూడలేదు. ఈ పొద్దే మళ్ళీ పనికి పోతా ఉండాను. అందరూ చేతినే చూస్తారని భయం. అయినా గేటుకాడ గుడ్డ తీసేసి, మామూలుగా లోపలికి పోదామని బయల్దేరినాను."

"అట్లే పోప్పా, ఏమీ కాదు" అనడానికి ఎంతసేపు? కాలేజీలో వాదనల పోటీల్లో కప్పులు గెలిచినదాన్ని, సిగ్గుతో కిటికీలోంచి బయటికి చూస్తా కూర్చున్నాను.

ఆయన తొప్పూరులో దిగినాడు. ఫ్యాక్టరీ గేటు రోడ్డు పక్కనే. బస్సు కదిలేటప్పుడు తల తిప్పి చూసినాను. గేటు ముందు నిలబడి, ఆ తుండుగుడ్డను ఇంకా బిగించి చుట్టుకుంటా ఉన్నాడు.